నాలుక కింద దాచిన సగం మాట

అనగనగనగా మంచుకొండలు. మబ్బులు కూడా ఎక్కలేక సగంలో కూర్చుండిపోయేంత ఎత్తు. ఆ కొండలకి ఇవతల ఒక రాజు ఉండేవాడు. ఊఁ కొట్టాలర్రా! మీరు ఊఁ కొడితేనే నా కథ నడుస్తుంది, లేకపోతే కొండ కిందే కూలబడుతుంది. ఆఁ, అలాగ. ఈ కథలో ఏడు సముద్రాలు లేవు. ఉన్నదల్లా ఒక్క కనుమ. అదే ఏడు సముద్రాల పెట్టు.

రాజు పేరు శిఖరవర్మ, రాణి పేరు కనకాంబ. వాళ్ళకి ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు ధీరమల్లుడు, మహా బలశాలి. రెండోవాడు వీరమల్లుడు, మహా తెలివైనవాడు. వాళ్ళ తర్వాత కూతురు హిమవల్లి. అందరికంటే చిన్నవాడు చిన్నమల్లుడు. వాడికి బలమూ అంతంతమాత్రమే, తెలివీ అంతంతమాత్రమే. నోరు మాత్రం కోటంత. పొద్దున్నే కళ్ళకంటే ముందు నోరు తెరిచేవాడు. అందుకే వాణ్ణి అందరూ వసపిట్ట అనేవారు.

రాణిగారు వాడి మాట ఏనాడూ పూర్తిగా విన్నది లేదు. సగంలోనే చెయ్యెత్తి, "ఆపరా నాయనా! నీ వాగుడు విని విని ఏదో ఒకరోజు నేను పోతాన్రా!" అనేది. దాసీలు గుండెల మీద చేతులేసుకుని, "అమ్మా, అంత మాటా!" అనేవారు. వసపిట్ట మాత్రం ఆగిపోయిన సగం మాటని నాలుక కింద పెట్టుకుని, అమ్మ అటు తిరగ్గానే మిగతా సగం చెప్పేవాడు.

హిమవల్లిని కొండలకి అవతలి రాజు ఉదయకేతుకి ఇచ్చారు. రెండు రాజ్యాలకీ మధ్య ఉన్నది ఒక్కటే దారి, గాలికనుమ. రెండు శిఖరాల భుజాల మధ్య సన్నటి సందు అది. ఎక్కడానికి ఒక రోజు, మంచు మీద నడవడానికి ఒక రోజు, దిగడానికి ఒక రోజు.

ఒకనాడు రెక్కలకి మంచు పేరుకున్న పావురం ఒకటి రాణిగారి ఒళ్ళో దబ్బున పడింది. దాని కాలికి చీటీ. "అమ్మా, నాకు ఏడో నెల. మా అత్తగారు కాలం చేశారు. ఇక్కడ పురుడు పోసే మనిషి లేదు. ఈ ఏడు కనుమ దాటి ఒక్క ఉప్పుబేరగాడు తప్ప ఎవరూ ఇటు రాలేదు, ఎందుకో తెలియదు. నాకు భయంగా ఉంది. అన్నయ్యలని పంపు."

చీటీ చదివి రాణిగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా! పెద్దవాణ్ణి పిలిచింది. ధీరమల్లుడు అమ్మ కాళ్ళకి మొక్కి, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. నాన్న కాళ్ళకి మొక్కి, "వెళ్ళొస్తాను నాన్నగారూ" అన్నాడు. కనుమ మొదట్లో రాళ్ళగుట్ట మీద ఒక చిలక కూర్చుని ఉంది. మంచులో పచ్చటి చిలక! ధీరమల్లుడు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. చిలక, "ఎక్కడికి?" అంది. బయల్దేరినవాణ్ణి అలా అడగకూడదని దానికి ఎవరూ చెప్పలేదు కాబోలు. "మా చెల్లెలి ఊరికి. వెళ్ళొస్తాను" అన్నాడు. మర్యాదస్థుడు మరి.

మూడో నాడు సాయంత్రం కోట వాకిట్లోకి గడ్డం నిండా మంచుతో ఒక మనిషి వచ్చాడు. కాపలావాణ్ణి చూసి, "ఏమయ్యా, మా బావగారి కోట ఇదేనా?" అని అడిగాడు. కాపలావాడి చేతిలో బల్లెం జారి కింద పడింది. ఎందుకంటే ఆ వచ్చినవాడు ధీరమల్లుడే!

"ఒరే, ఇది మన కోటరా! నేను మీ అమ్మనురా!" అని రాణిగారు పరిగెత్తుకొచ్చింది. ధీరమల్లుడు కోటని చూశాడు, అమ్మని చూశాడు. నిర్ఘాంతపోయాడు. "కనుమ ఎక్కానమ్మా, దాటానమ్మా, దిగానమ్మా! వెనక్కి ఒక్క అడుగు కూడా వెయ్యలేదమ్మా!" అన్నాడు. అంటూండగానే వాడి కాళ్ళు వెనక్కి తిరిగాయి. "అయ్యో, నా కాళ్ళు ఆగటం లేదు! వెళ్ళొస్తానమ్మా!" అంటూ మళ్ళీ కొండ వైపు నడిచిపోయాడు. మూడు రోజులకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు.

తర్వాత వీరమల్లుడు వెళ్ళాడు. దారి తప్పకుండా అడుగడుక్కీ ఎర్రగుడ్డ పీలిక కడుతూ మరీ వెళ్ళాడు. మూడో నాడు వాడూ కోట వాకిట్లో నిలబడి, "మా బావగారి కోట ఇదేనా?" అన్నాడు. ఇక చూడండి, ఒకడు వస్తూంటే ఒకడు వెళ్తూంటాడు. తల్లి వాళ్ళ పక్కనే పరిగెడుతూ నోట్లో ముద్దలు పెడుతుంది. రాజుగారు సింహాసనం దిగి వాకిట్లోనే కూర్చుండిపోయారు.

ఇలా ఏడో నెల గడిచింది. ఎనిమిదో నెలలో గర్భిణిని ప్రయాణం చేయించరు. తొమ్మిదో నెల వచ్చింది. ఇంకో పదిహేను రోజుల్లో పెద్ద మంచు పడుతుంది, కనుమ మూసుకుపోతుంది. అక్కడ హిమవల్లి ఒక్కతే.

"అమ్మా, నేను తీసుకొస్తాను అక్కని. నువ్వు ఊఁ అంటే చాలు, నేను రేపు పొద్దున్నే లేచి, కంబళి తీసుకుని, అదేమిటంటే..." అన్నాడు వసపిట్ట.

"ఆపరా! ఉన్న ఒక్కడివీ నువ్వేరా నాకు!" అని రాణిగారు భోరుమంది. కానీ ఆ సాయంత్రమే బియ్యప్పిండి కొట్టించి, బెల్లం పాకం పట్టి చలిమిడి చేసింది. కడుపుతో ఉన్న కూతురికి పుట్టింటి చలిమిడి అందాలని తల్లికి ఉండదూ? ఇత్తడి డబ్బాలో పెట్టి వసపిట్ట చేతికిచ్చింది. కొడుకు పొలిమేర దాటేదాకా ఆమెకి ఏడుపే సరిపోయింది, వాడు వెళ్ళొస్తానన్నాడో లేదో కూడా వినలేదు. నిజానికి వాడు అననేలేదు. ఏడిచే అమ్మని చూసి, మొట్టమొదటిసారి, వాడికి మాట రాలేదు.

కనుమ కింద గడ్డిలో ఒక ముసలి జడలబర్రె పడుకుని ఉంది. జడలబర్రె అంటే ఒంటి నిండా నేలకి జీరాడే జుట్టుతో, మంచుని లెక్కచెయ్యకుండా నడిచే కొండబర్రె. వసపిట్ట దాని పక్కన కూర్చుని అన్నయ్యల కథంతా చెప్పాడు, అక్క కథంతా చెప్పాడు, చివరికి చలిమిడి ఎలా చెయ్యాలో కూడా చెప్పాడు.

"అబ్బబ్బబ్బ! ఎంత వాగుతావు నాయనా!" అంది జడలబర్రె.

వసపిట్ట ఎగిరి వెనక్కి పడ్డాడు. "నువ్వు మాట్లాడతావా!"

"నువ్వు సందిస్తే ఎప్పుడో మాట్లాడేదాన్ని. విను. ఈ కనుమని మాటలమారి అనే మాంత్రికుడు పట్టాడు. కనుమకి చెవులు పెట్టాడు. ఎక్కేముందు చిలకతో నువ్వేమంటావో, కనుమ అదే జరిపిస్తుంది. మీ అన్నయ్యలు ఏమన్నారు?"

"ఏమంటారు, అందరూ అనేదే. వెళ్ళొస్తా..." అని వసపిట్ట ఠక్కున ఆగిపోయాడు. వెళ్ళి, వస్తాను! వెళ్ళారు, వచ్చారు! వెళ్తున్నారు, వస్తున్నారు! పుట్టిన దగ్గర్నుంచీ రోజూ అంటున్న మాట, దాని లోపల ఏముందో ఇన్నాళ్ళకి కనబడింది.

"వాళ్ళు వేసే ప్రతి అడుగూ మాటలమారి ఆయుష్షులో కలుస్తుంది. ఆగేదాకా నడిపిస్తాడు, ఆగాక గడ్డకట్టిస్తాడు" అంది బర్రె.

"అయితే నేను వెళ్తాను అంటాను!"

"దాటుతావు. కానీ తిరిగి రావు. ఒక ఉప్పుబేరగాడు చిరాకులో 'పోతాను' అని దాటాడు. అవతల కూర్చుని ఇటే చూస్తున్నాడు, పాపం."

"ఏమీ అనకపోతే?"

"మాట లేనివాడికి దారి లేదు. మంచు గోడ లేస్తుంది."

వసపిట్ట తల పట్టుకున్నాడు. "మరి ఆ మాంత్రికుణ్ణి చంపెయ్యకూడదూ?"

"మూడుసార్లు నేనే కుమ్మాను. మూడుసార్లూ లేచి కూర్చుని మీసం దువ్వుకున్నాడు. వాడి ప్రాణం చిలకలో ఉంది నాయనా. చిలక తను విన్నవాటిలో చివరి మాట ఏదుంటే అదే పలుకుతుంది. అందరూ దానితో 'వెళ్ళొస్తాను' అంటారు, అదీ 'వెళ్ళొస్తాను' అంటుంది. అందుకే వాడి ప్రాణం వెళ్ళినా మళ్ళీ వస్తుంది."

వసపిట్ట చాలాసేపు ఆలోచించాడు. తర్వాత, అమ్మ రోజూ తన మాటని ఎలా ఆపేదో గుర్తొచ్చి, లేచి నిలబడ్డాడు. "బర్రెమ్మా, సగం మాట అంటే?"

జడలబర్రె నెమరు ఆపేసింది. "సగమా! అలా ఎవరూ అనలేదే! అంటే మిగతా సగం నాలుక కింద దాచి, అవతల గడ్డ మీద కాలు పెట్టాకే చెప్పాలి. మధ్యలో ఇంకే మాట అన్నా, అమ్మో అన్నా, అయ్యో అన్నా, దాచిన సగం రాలిపోతుంది. నువ్వు అక్కడే మంచుగడ్డవైపోతావు. నీవల్ల అవుతుందా, వసపిట్టా?"

వాడు డబ్బా మూత తీసి చలిమిడి వైపు చూశాడు.

మర్నాడు తెల్లవారగానే, ఎండ ఎక్కి మంచు మెత్తబడకముందే, ఇద్దరూ బయల్దేరారు. చిలక, "ఎక్కడికి?" అంది.

"అక్కయ్య దగ్గరికి. వెళ్ళి..." అని వసపిట్ట నోరు గట్టిగా మూసేశాడు.

చిలక మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. "వెళ్ళి?" అంది. "వెళ్ళి... వెళ్ళి... వెళ్ళి..." మిగతా సగం కోసం వాడి భుజం మీదకి ఎగిరి వచ్చి కూర్చుంది. చలికి గజగజ వణుకుతోంది. దాని గోల వింటే తనెక్కడ పూర్తి చేసేస్తాడోనని భయం, దాని వణుకు చూస్తే జాలి. వసపిట్ట దాన్ని కంబళిలో పెట్టి చెవులు కప్పాడు.

అదే క్షణంలో, పైన గుహలో మీసం దువ్వుకుంటున్న మాటలమారి కిందకి చూసుకుని కెవ్వున అరిచాడు. నడుం దగ్గర్నుంచి కిందికి వాడు లేడు! కాళ్ళు లేవు, చెప్పులు లేవు! సగం మాటకి సగం ప్రాణమే మిగిలింది మరి.

ఇక్కడ మీరు కూడా ఊఁ అనకండర్రా. వాడు దాటేదాకా ష్!

ఎక్కారు. రాళ్ళు కాళ్ళ కింద జరజరా జారాయి. గాలి పలచబడింది. అడుగుకొక ఊపిరి, ఊపిరికొక అడుగు. తల పగిలిపోతోంది. ఎండ మంచు మీద పడి కళ్ళలో సూదులు గుచ్చుతోంది. వసపిట్ట నల్లగుడ్డ కళ్ళకి కట్టుకుని, దాని సందుల్లోంచి చూస్తూ బర్రె తోక పట్టుకుని నడిచాడు.

మంచు మైదానం మధ్యలో, ఉన్నట్టుండి, కాళ్ళ కింద నేల ఫెళ్ళున విరిగింది! మంచు కప్పేసిన పెద్ద పగులు అది. అడుగు కనబడదు, అంతా నీలం. వసపిట్ట నడుందాకా దిగబడి గాల్లో కాళ్ళు ఆడిస్తున్నాడు. గొంతులో "అమ్మో" లేచింది, నాలుక దాకా వచ్చింది. చటుక్కున చలిమిడి ముద్ద ఒకటి నోట్లో కుక్కుకున్నాడు. మాట నాలుక కింద, చలిమిడి నాలుక మీద. జడలబర్రె తోక బిగించి బయటికి లాగింది.

ఇంకొంత దూరం పోయేసరికి ఎదురుగా ధీరమల్లుడు వస్తున్నాడు. ముఖం నల్లగా మాడిపోయింది, పెదాలు చిట్లిపోయాయి. తమ్ముణ్ణి చూసి ఆగలేక, నడుస్తూనే, "తమ్ముడూ! ఇంకెంత దూరంరా బావగారి ఊరు? నాకిక ఓపిక లేదురా!" అన్నాడు. ఆ అన్నయ్య వాణ్ణి భుజాల మీద మోసి పెంచినవాడు. వసపిట్ట చెయ్యి చాపాడు. చెయ్యి అందలేదు. "అన్నయ్యా" అన్న మాట గొంతుని చీల్చుకుని రాబోయింది. రెండో ముద్ద కుక్కుకున్నాడు. ధీరమల్లుడు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, "ఏం తమ్ముడూ, పలకవేం?" అంటూ దిగిపోయాడు. వసపిట్టకి ఏడుపు ఆగలేదు. కన్నీళ్ళు బుగ్గల మీదే గడ్డకట్టాయి.

కనుమ నెత్తిన, రెండు శిఖరాల మధ్య సందులో, పొగమంచు కమ్ముకుంది. అందులోంచి గొంతు. ఎవరి గొంతు? సాక్షాత్తూ అమ్మ గొంతు! "చిన్నా! ఎక్కడున్నావురా? మీ నాన్నగారు వాకిట్లో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయార్రా! ఒక్కసారి పలకరా!"

వసపిట్ట మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నాన్నగారా! మొన్ననేగా తల నిమిరారు! మూడో ముద్ద, అన్నిటికంటే పెద్ద ముద్ద, రెండు చేతులతో నోట్లోకి తోసుకున్నాడు. నమిలాడు, ఏడ్చాడు, నమిలాడు. ఒక్క మాట బయటికి రానివ్వలేదు. బర్రె వాడి వీపుని మూతితో నెట్టింది. లేచాడు.

పొగమంచు విడిపోయింది. ఎదురుగా గాల్లో తేలుతూ మాటలమారి, నడుం పైన మాత్రమే! వసపిట్ట కళ్ళు అంతంత చేసుకుని చూశాడు.

"ఒరే! మిగతా సగం చెప్పరా! చెప్తే బంగారం ఇస్తాను, గుర్రాలిస్తాను, గుహ నిండా ముత్యాలిస్తాను!" అన్నాడు మాటలమారి. వసపిట్ట పలకలేదు. "చెప్పకపోతే రాయిని చేస్తాను, కప్పని చేస్తాను, కప్ప కూర్చునే రాయిని చేస్తాను!" వసపిట్ట పలకలేదు. మాంత్రికుడు జుట్టు పీక్కున్నాడు. వాగేవాడికి ఎదుటివాడు పలకకపోతే ఎంత మంటగా ఉంటుందో వసపిట్టకంటే ఎవరికి తెలుసు! ఆ మంట ముదిరితే చివరికి ఏ మాట వస్తుందో కూడా వాడికి తెలుసు. రోజూ అమ్మ నోట వింటూనే ఉన్నాడు.

"ఒసే చిలకా! వస్తాను అనవే!" అని మాంత్రికుడు కంబళి మీదకి వంగి అరిచాడు. వసపిట్ట కంబళిని ఇంకా బిగించాడు. "వస్తాను అనవే! వస్తాను, వస్తాను, వస్తాను! వినబడదుటే? ఏం పక్షివే నువ్వు? నీతో వేగి వేగి నా గుండాగి నేను పోతానే!"

"నేను" అన్న దగ్గర వసపిట్ట కంబళి ఎత్తేశాడు.

చిలక ఆకుపచ్చ తల బయట పెట్టింది. ఒక్క మాటే విన్నది. నిన్న పొద్దున్నుంచీ ముక్కున కరుచుకున్న సగానికి దాన్ని అతికించి, హాయిగా పలికింది. "వెళ్ళి... పోతానే!"

మాటలమారి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తర్వాత నోరూ లేదు, వాడూ లేడు. వెళ్ళిపోయాడు. గాలికి కొంచెం మంచు లేచి పడింది, అంతే. బర్రె నమ్మలేక ఆ చోటు మూడుసార్లు వాసన చూసింది. నాలుగోసారి లేవలేదు వాడు.

మాంత్రికుడు పోయినా వసపిట్ట నోరు విప్పలేదు. ఎవరికి తెలుసు, కనుమ ఇంకా వింటోందేమో! రోజంతా దిగి, ఉదయకేతు కోటకి చేరి, గుమ్మంలో నిలబడ్డాడు. హిమవల్లి నిండు కడుపుతో, గోడ పట్టుకుని వచ్చింది. తమ్ముడు! పలకని తమ్ముడు! ఆవిడ ముఖం పాలిపోయింది. "వసపిట్టా, ఏమైందిరా? మాట్లాడవేమిట్రా? ఇంట్లో అందరూ..."

"...వస్తాను!" అన్నాడు వసపిట్ట.

"వచ్చినవాడివి వస్తానంటావేమిట్రా!" అని అక్క నవ్వేసింది, ఏడ్చేసింది. డబ్బా మూత తీసి చూస్తే అడుగున వేలెడంత చలిమిడి ఉంది. "మిగతాదేదిరా?" అంటే వాడు అప్పుడు మొదలుపెట్టాడు. పగులు గురించి చెప్పాడు, అన్నయ్య గురించి చెప్పాడు, మాంత్రికుడి సగం ఒంటి గురించి చెప్పాడు. పొగమంచులో విన్న అమ్మ గొంతు గురించి మాత్రం చెప్పలేదు. కడుపుతో ఉన్న మనిషికి ఆ మాట ఎలా చెప్తాడు?

మర్నాడే బయల్దేరారు. జడలబర్రె వీపు మీద మెత్తటి పరుపేసి అక్కని కూర్చోబెట్టారు. తోడుగా అక్క ఆడపడుచు మంజీర వచ్చింది. వెనకాల ఆ ఉప్పుబేరగాడు మూటలు మోస్తూ, ఏడుస్తూ, నవ్వుతూ వచ్చాడు. దారి పొడుగునా వసపిట్ట ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆపితే ఆ ఒక్క మాటా బయటికి వచ్చేస్తుందేమోనని. అది మంజీర ఒక్కతే కనిపెట్టింది. ఏమీ అడగలేదు, ఊఁ కొడుతూ పక్కనే నడిచింది.

కనుమ కింద గడ్డిలో ఇద్దరు అన్నయ్యలూ కాళ్ళు చాపుకుని గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. ఆ ఆగిన కాళ్ళని చూసి హిమవల్లి చేతులు జోడించింది. అందరూ కలిసి కోట వైపు నడిచారు. కోట దగ్గరయ్యేకొద్దీ వసపిట్ట వెనకబడ్డాడు. వాకిట్లో నాన్నగారి కుర్చీ ఖాళీగా ఉంటుంది. అది తను చూడలేడు. కళ్ళు మూసుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"వచ్చావురా చిన్నా?"

కళ్ళు తెరిచాడు. కుర్చీలో నాన్నగారు! బతికి ఉన్న నాన్నగారు, చేతులు చాపుకుని! వసపిట్ట నోరు తెరిచాడు. మాట లేదు. మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఒక్క అక్షరం కూడా లేదు. నాన్నగారి కాళ్ళు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

రాణిగారు బెదిరిపోయి వాడి గడ్డం పట్టుకుంది. పుట్టిన దగ్గర్నుంచీ "ఆపరా" అన్న ఆ తల్లి, "మాట్లాడరా నాయనా! ఏదో ఒకటి మాట్లాడరా! నేను వింటాను, పూర్తిగా వింటాను!" అంది.

విన్నది కూడా. మూడు రోజులు విన్నది. మూడో రోజు కథ మధ్యలో హిమవల్లికి నొప్పులు వచ్చాయి, మగపిల్లాడు పుట్టాడు, తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారు. రాణిగారు మనవణ్ణి ఒళ్ళో వేసుకుని, "ఊఁ, తర్వాత?" అంది.

మంచి ముహూర్తాన చిన్నమల్లుడికీ మంజీరకీ పెళ్ళి జరిగింది. మా కాళ్ళు ఇక ఎక్కడికీ నడవవు, నువ్వే కూర్చోమని అన్నయ్యలు వాణ్ణి సింహాసనం ఎక్కించారు. వాడు అరవై ఏళ్ళు రాజ్యం చేశాడు. ఆ అరవై ఏళ్ళూ ఆ సభలో ఎవరి మాటనీ ఎవరూ సగంలో ఆపలేదు.

బిడ్డకి అయిదో నెల రాగానే హిమవల్లి వాణ్ణి ఎత్తుకుని అత్తవారింటికి బయల్దేరింది. రాళ్ళగుట్ట మీద చిలక, "ఎక్కడికి?" అంది. ఆవిడ వెనక్కి తిరిగి అమ్మని చూసింది, నాన్నని చూసింది, తమ్ముణ్ణి చూసింది. "వెళ్ళి" అంది. కాస్త ఆగింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

"వస్తాను" అంది.

ప్రతి ఏడూ వచ్చింది కూడా. కథ కొండ దిగిందర్రా, ఇక మీరు ఊఁ కొట్టక్కర్లేదు.